పిల్లి మీద వేసిన నింద

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో చిట్టచివరి బల్ల ఆమెది. కుట్టుమిషన్ల వరసలన్నీ దాటుకుని, ఇస్త్రీ బల్లల ఆవిరి తగిలించుకుని, ప్రతి చొక్కా చివరికి ఆమె ముందుకొచ్చి పడేది. కాలరు, జేబు, చేతులు, గుండీలు, కింది మడత. ఆమె వేళ్ళు ఎప్పుడూ ఆ వరసలోనే నడిచేవి. ఎక్కడ కుట్టు తప్పినా, ఎక్కడ దారపు పోగు వేలాడినా అక్కడ చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించేది. బల్ల మీద మూడు కుప్పలుండేవి. బాగున్నవి ఒకటి, సరిచెయ్యాల్సినవి ఒకటి, పనికిరానివి ఒకటి. మిషన్ల మీద కూర్చునే అమ్మాయిలు ఎదురుగా ‘అక్కా’ అని పిలిచి, వెనకాల ‘బాణాలమ్మ’ అనుకునేవాళ్ళు. ఇంటి దగ్గర మాత్రం ఆమె అందరికీ చెకింగమ్మ.

అలాంటి కళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోవు కదా. బస్సులో ముందు సీట్లో కూర్చున్నాయన భుజం దగ్గర కుట్టు ఊడిందని ఆయన వీపు తట్టి మరీ చెప్పేది. ఎవరింటికన్నా వెళితే కూర్చోకముందే గోడ మీద పటం వంకర సరిచేసేది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరైన మనిషి. “నన్ను కూడా ఎప్పుడో సరిచెయ్యాల్సిన కుప్పలో వేసింది. ఇంకా అక్కడే ఉన్నా,” అని నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. తప్పున్న చొక్కా దుకాణం దాకా వెళితే తిరిగొస్తుంది, ఆ కుట్టిన పిల్లకే చీవాట్లు పడతాయి, ముందే పట్టుకుంటే అందరికీ మంచిది అనేది ఆమె లెక్క. అందులో అబద్ధం లేదు కూడా.

వాళ్ళు ఉండేది మూడంతస్తుల ఇంట్లో, కింది వాటాలో. పైన ఓనరమ్మ. మధ్య అంతస్తులో ఒకవైపు వడ్రంగి కుటుంబం, ఇంకోవైపు ఒక నర్సు, ఆమె కూతురు. ఆ పిల్లకి ఆరేళ్ళుంటాయేమో. మెట్ల మీద నడవడం తెలియదు, గెంతడమే తెలుసు. అందుకని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. నర్సుకి ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. తల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడూ, ఇంటికొచ్చి నిద్రపోతున్నప్పుడూ పిచ్చుక చెకింగమ్మ ఇంట్లోనే గడిపేది. పిల్లలు లేని ఆ ఇంట్లో మెకానిక్కు తాతయ్య పాత గడియారాలు విప్పుతుంటే పక్కన కూర్చుని పళ్ళచక్రాల పేర్లు అడిగేది. చెకింగమ్మ జడ వేస్తుంటే “అమ్మమ్మా, పాపిట వంకర ఉందా?” అని తనే ముందు అడిగేది.

ఆ ఇంట్లో ప్రతి ఏడూ క్రిస్మస్‌కి మెట్ల కింద ఖాళీలో ఒక చెట్టుకొమ్మని కుండీలో నిలబెట్టి, ఓనరమ్మ పెట్టెలోంచి గాజు బంతులూ మెరుపు తీగలూ తీసి కట్టేవాళ్ళు. ఆ ఏడు వానలకి పెట్టెలో నీళ్ళు దిగాయి. మూత తీసేసరికి బూజు వాసన గుప్పుమంది. సగం బంతులు పగిలిపోయాయి, మిగతావి మచ్చలు పడ్డాయి. “ఈసారికి వదిలేద్దాంలే,” అంది ఓనరమ్మ. మెట్ల మీద వరసగా కూర్చున్న ఇంటి పిల్లల, వీధి పిల్లల మొహాలు దీపం ఆర్పినట్టు అయిపోయాయి.

ఆ మొహాలు చూసి చెకింగమ్మ నోటి వెంట మాట వచ్చేసింది. “మనమే చేసుకుందాం. నేను తెస్తాగా సామాను.”

మర్నాడు సూపర్‌వైజర్ని అడిగి ఒక సంచీడు తెచ్చింది. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ ముక్కలు, కాలర్ల లోపల పెట్టే అట్టముక్కలు, దారం అయిపోయిన రీళ్ళు, జత తప్పిన గుండీలు. ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు వసారాలో చాప పరిచి, పాత పేపర్లు వేసి, గిన్నెలో మైదా జిగురు కాచి పెట్టింది. అట్టని నక్షత్రంలా కత్తిరించి రంగు దారం చుట్టడం నేర్పింది. ఖాళీ దారపు రీలుకి గుడ్డ లంగా కట్టి, పైన గుండీ తలకాయ పెడితే దేవదూత అయిపోతుందని చూపించింది. వడ్రంగి కొడుకులు కవలలు. వాళ్ళు నాన్న దగ్గర్నుంచి చెక్క తరుగు ఉంగరాలు తెచ్చి గొలుసులు చేశారు. జిగురు చేతులకే కాదు, మోచేతులకీ జుట్టుకీ అంటింది. ఒకడి చొక్కాకి ఇంకొకడు అంటుకుపోయి ఇద్దరూ అలాగే గేటు దాకా నడిచి చూపించారు. చెకింగమ్మ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో అనుకుంది.

పిచ్చుక ఒక్కతే గోడ వైపు తిరిగి కూర్చుంది. తెల్ల లైనింగు గుడ్డ తీసుకుని ఏదో చుట్టింది, దారంతో కట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. “ఏం చేస్తున్నావే?” అని ఎవరో అడిగితే “ఇప్పుడే చెప్పను” అంది. పూర్తయ్యాక పేపరు మీద పెట్టి, “అమ్మమ్మా, ఆరిందాకా ఎవరూ ముట్టుకోకూడదు,” అని చెప్పి వెళ్ళింది. “బాగుందమ్మా, బాగుంది,” అంది చెకింగమ్మ. ఆ మాట అప్పటికి ప్రతి పిల్లకీ చెప్పింది. దేన్నీ సరిగ్గా చూసి చెప్పలేదు.

పిల్లలు వెళ్ళాక ఆమె చాప మీద కూర్చుని చూసింది. చూడటమంటే ఆమెకి ఒకటే తెలుసు. చేతులు వాటంతటవే మూడు కుప్పలు పెట్టాయి. కొన్నిటికి వేలాడే దారం కత్తిరిస్తే సరిపోయింది. కొన్నిటికి లంగా విప్పి మళ్ళీ కట్టింది. ఒక నక్షత్రానికి దారం మొత్తం లాగేసి కొత్తగా చుట్టింది. చివరికి నాలుగైదు మిగిలాయి, ఎంత తంటాలు పడ్డా దారికి రానివి. అందులో పిచ్చుక తెల్లగుడ్డ చుట్ట ఒకటి. దెబ్బ తగిలిన వేలికి కట్టు కట్టినట్టుంది. ఒక చివర రెండు నల్లదారం గీతలు, వాటి చుట్టూ జిగురు వేలిముద్రలు, పక్కనే ఊడిపోవడానికి సిద్ధంగా ఒక గుండీ. నక్షత్రమూ కాదు, దేవదూతా కాదు.

అది ఎవరిదో ఆమెకి తెలియక కాదు. తెలుసు. అయినా అనుకుంది, ‘పిల్లలకి ఏం గుర్తుంటుంది? రేపటికి మర్చిపోతుంది. నేను దీని బదులు మంచిది ఒకటి కట్టి ఇదే నీదంటే సంతోషపడుతుంది.’

భర్త గుమ్మంలో నిలబడి చూశాడు. “అదేంటి, పిల్లలు చేసినవి చెత్తసంచీలో వేస్తున్నావ్?”

“రేపు ఓనరమ్మ చుట్టాలు వస్తున్నారటండీ. నా చేతి మీదుగా అయింది కదా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?”

“పిల్లలు చేశారనుకుంటారు,” అన్నాడాయన.

ఆమె అట్టముక్క తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. చెత్తబండి పొద్దున్నే వచ్చి సంచీ పట్టుకుపోయింది. పిల్లలు బడికెళ్ళాక, ఫ్యాక్టరీకి బయల్దేరే ముందు, వాచ్‌మన్‌ని పక్కన నిలబెట్టుకుని ఆమే అన్నీ కొమ్మకి కట్టింది.

సాయంత్రం దీపాలు వెలిగించేసరికి చెట్టు చూడముచ్చటగా ఉంది. ఓనరమ్మ చుట్టాల్లో ఒకావిడ దగ్గరికొచ్చి ఒక దేవదూతని తిప్పి చూసి, “అచ్చం షాపులో కొన్నట్టే ఉన్నాయే!” అంది. చెకింగమ్మ ఛాతీ పొంగింది. పిల్లలు చెట్టు చుట్టూ మూగారు. “అది నాది!” “కాదు, అది నాదిరా, నీది పైన ఉంది!” అంటూ నచ్చినదాన్నల్లా తమదే అనేసుకున్నారు. పారేసిన వాటి తాలూకు పిల్లలు కూడా మంచివి చూసి మురిసిపోయారు. హమ్మయ్య అనుకుంది ఆమె.

పిచ్చుక మాత్రం చెట్టు చుట్టూ తిరిగింది. మళ్ళీ ఇంకోసారి తిరిగింది. కిందకి వంగి కుండీ వెనకాల చూసింది. ఆ తర్వాత వచ్చి చెకింగమ్మ కొంగు లాగింది.

“అమ్మమ్మా, నాది లేదు.”

“అదిగో, ఆ తెల్లనక్షత్రం నీదే కదమ్మా.”

“నాది నక్షత్రం కాదు.”

“మరేంటే నీది?” అని అడిగింది ఓనరమ్మ నవ్వుతూ.

“అది మా అమ్మ. నైట్ డ్యూటీ నుంచి వచ్చి దుప్పటి కప్పుకుని పడుకుంది. కళ్ళు మూసుకుంది. పక్కన దిండు కూడా పెట్టా,” అంది పిచ్చుక. “రేపు పొద్దున అమ్మ వచ్చాక చూపిస్తానని చెప్పా.”

అందరూ ‘అయ్యో బంగారం’ అన్నారు. ఆ నల్లగీతలు మూసుకున్న కళ్ళని, ఆ గుండీ దిండని చెకింగమ్మకి అప్పుడు తెలిసింది. అంతమంది ఆమె వంకే చూస్తున్నారు. ఆ చుట్టాలావిడ కూడా చూస్తోంది. సరిగ్గా అప్పుడే ప్రహరీగోడ మీద ఒంటిచెవి పిల్లి నడుచుకుంటూ పోతోంది. ఎప్పుడో కుక్క కొరికి ఒక చెవి పోయిన పిల్లి. ఎవరిదీ కాదు, అందరి మెట్లమీదా పడుకునేది.

“పిల్లి ఎత్తుకుపోయి ఉంటుందిలే అమ్మా. జిగురు వాసనకి వచ్చుంటుంది,” అంది చెకింగమ్మ.

మనసులో మాట నేరుగా అనలేనప్పుడు పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మాట్లాడతారంటారు. ఆమె నిజంగానే పిల్లి మీద పెట్టేసింది. అందరూ నవ్వారు. పిచ్చుక నవ్వలేదు గానీ నమ్మింది. గోడ మీదికి చూసి, “ఎక్కడ పెట్టిందో?” అంది నెమ్మదిగా.

అక్కడితో అయిపోతే ఎలాగో సర్దుకునేదేమో. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. మర్నాటి నుంచి కవలలిద్దరూ సైన్యం కట్టారు. నీళ్ళ డ్రమ్ముల వెనకాల, పైకప్పు మీద ట్యాంకు కింద, వాచ్‌మన్ గదిలో మంచం కింద పిల్లి స్థావరం కోసం గాలించారు. పిల్లి కనపడితే చాలు గులకరాళ్ళు. చెకింగమ్మ కిటికీలోంచి చూసి, “వదిలెయ్యండర్రా, పాపం మూగజీవి,” అని కేకేసింది.

“అది దొంగ అమ్మమ్మా! నువ్వే చెప్పావుగా!” అన్నాడు ఒకడు.

ఆమె కిటికీ రెక్క దగ్గరకి వేసుకుని లోపలికి వచ్చేసింది. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో అప్పటిదాకా ఆమెకి సామెతగానే తెలుసు.

ఫ్యాక్టరీలో చొక్కాలు వచ్చి పడుతున్నాయి. వేళ్ళు నడుస్తున్నాయి గానీ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ ఉన్న చొక్కా ఆమె బల్ల దాటి ప్యాకింగు దాకా వెళ్ళిపోయింది. సూపర్‌వైజరు పట్టుకొచ్చి, “ఏంటక్కా, ఇక మీ మీద కూడా ఒక చెకింగు పెట్టాలా?” అని నవ్వాడు. ఎప్పుడూ ఎదురు మాట అనే మనిషి తల వంచుకుంది.

మధ్యాహ్నం తిండి వేళ ఒక తెల్లముక్క తీసుకుని చుట్టి చూసింది. అలాంటిదే ఇంకోటి చేసి, కుండీ వెనకాల పడేసి, ‘ఇదిగో దొరికింది’ అంటే అనుకుంది. చుట్ట నున్నగా, నిటారుగా వచ్చింది. వదులు చేసి మళ్ళీ చుట్టింది. మళ్ళీ అంతే. కళ్ళు ఏ చివర కుట్టిందో, దిండు కుడివైపో ఎడమవైపో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. చెత్తలో వేసేటప్పుడు చూడనిది ఇప్పుడెలా గుర్తొస్తుంది? అయినా ఒక అబద్ధానికి ఇంకో అబద్ధాన్ని కాపలా పెట్టడమే కదా ఇది, అనిపించి ఆ గుడ్డ బల్ల కిందకి విసిరేసింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిచ్చుక మెట్ల కింద ఒక్కతే కూర్చుని ఉంది. ముందు ఒక పాత మూత, అందులో పాలు. పక్కన ఒక బిస్కెట్టు, కొంచెం కొరికి ఉంది.

“ఏంటమ్మా ఇది?”

“పిల్లికి. రాళ్ళు వేస్తే భయపడి దాచేస్తుంది కదా. ఇది తిని నాది ఇచ్చెయ్యమని చెప్పా.” ఆగి, “బిస్కెట్టు నేను సగం తిందామనుకున్నా. మళ్ళీ తక్కువైతే ఇవ్వదేమోనని ఆపేశా,” అంది.

చెకింగమ్మ అక్కడే చెప్పెయ్యాల్సింది. చెప్పడానికే వంగింది. పిల్ల మొహంలో అంత నమ్మకం కనిపించింది. “చల్లగా ఉంది, లోపలికి రా,” అని మాత్రం అంది. ఇంట్లోకొచ్చి టీ పెట్టబోయి, గిన్నెలో నీళ్ళు పొయ్యకుండానే స్టవ్ వెలిగించింది. మాడు వాసనకి భర్త పరిగెత్తుకొచ్చి ఆపాడు. ఆమె మొహం చూశాడు.

“పిల్లకి చెప్పెయ్యరాదా?”

“రేపు చెప్తానండీ.”

రేపు రానే వచ్చింది. ఆమె ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి చూపించాడు. మోచేతి దాకా గీతలు పడి ఉన్నాయి.

“చూశారా అమ్మా, ఎలా రక్కిందో! కవలలు ఓనరమ్మకి చెప్పారంట, పిల్లి అన్నీ ఎత్తుకుపోతోందని. ఎక్కడన్నా వదిలి రమ్మన్నారు ఆవిడ. పాపాయి పెట్టిన పాలు తాగుతుంటే వెనకనుంచి గోనెసంచీ వేసి పట్టేశా.”

“ఎక్కడ వదిలావయ్యా?” అంది ఆమె.

“చేపల మార్కెట్టు వెనకాల. అక్కడైతే తిండికి లోటుండదులెండి.” ఆమె అలాగే నిలబడిపోవడం చూసి, “అదేంటమ్మా, దొంగపిల్లి అని మీరే అన్నారు కదా?” అన్నాడు. అతని మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అందుకే అది ఇంకా లోపలికి దిగింది.

చేతిసంచీ కూడా లోపల పెట్టలేదు. భర్తని స్కూటరు తియ్యమంది. మార్కెట్టు వెనకాల నేలంతా తడి. మంచుగడ్డల చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి సందుల్లో ఎన్ని పిల్లులో! నల్లవీ, చారలవీ, కుంటివీ. అన్నిటికీ రెండేసి చెవులే. ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పెట్టెల వెనకాల వంగి వంగి చూసింది. చేపలు కడిగే ఒకావిడ బుట్ట ఎత్తుకుంటూ, “ఏం పోయిందమ్మా?” అంది.

“ఒంటిచెవి పిల్లి.”

“కొత్తదాన్ని ఇక్కడివి ఉండనివ్వవమ్మా. సాయంత్రం పెద్ద గోల చేశాయి. రోడ్డు అవతలికి తరిమినట్టున్నాయి.”

రోడ్డు అవతల గోదాములున్నాయి. లారీలు వరసగా పోతున్నాయి. ఇద్దరూ దాటి వెళ్ళారు. “బుస్సు, బుస్సు” అని ఆయన పిలిచాడు. పిల్లిని పిలవడం కూడా సరిగ్గా రాని మనిషి, పాపం. ఏదీ రాలేదు. చీకటి పడింది.

స్కూటరు దగ్గరికొచ్చాక ఆయన హెల్మెట్టు పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని అడిగాడు. “దొరికితే ఏం చేసేదానివి?”

“ఇంటికి తీసుకెళ్ళేదాన్ని.”

“తీసుకెళ్ళి?”

పిల్లి దొరికిపోతే ఎవరికీ ఏమీ చెప్పకుండానే గడిచిపోతుందని తను ఆశపడిందని ఆమెకి అప్పుడే అర్థమైంది.

ఇంటికొచ్చేసరికి మెట్ల కింద అందరూ ఉన్నారు. ఓనరమ్మ కేకు ముక్కలు పంచుతోంది. ఆ రోజే పగటి డ్యూటీకి మారిన నర్సు యూనిఫాంలోనే నిలబడి ఉంది. కవలలు పిల్లిని పట్టిన వైనం చేతులు ఊపుతూ చెబుతున్నారు. చెకింగమ్మ చెట్టు దగ్గరికెళ్ళి నిలబడింది. బురద కాళ్ళతోనే ఉంది.

“పిల్లి ఏమీ తియ్యలేదు. నేనే పారేశాను,” అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆదివారం పిల్లలు వెళ్ళాక ఏం చేసిందో చెప్పింది. ఏవి విప్పి మళ్ళీ కట్టిందో, ఏవి చెత్తలో వేసిందో, వాటి బదులు తను ఏవి చేసి పెట్టిందో చెప్పింది. పిచ్చుకది బాగాలేదని పారేశానని కూడా చెప్పింది. ఆ ‘బాగాలేదు’ అన్న మాట మింగెయ్యాలనిపించింది గానీ మింగలేదు.

ముందు కవలల్లో ఒకడు చెట్టు వైపు చూశాడు. “అయితే నా దేవదూత నేను చేసిందేనా?”

“దాని లంగా నేను మళ్ళీ కట్టానురా.”

“మరి నా స్టార్?” అంది ఇంకో పిల్ల.

“దారం... నేనే చుట్టాను.”

ఒక్కొక్కళ్ళూ తమదాన్ని కొమ్మ మీంచి తీసి తిప్పి తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. తమదో కాదో తేల్చుకోలేకపోయారు. పొద్దున్న దాకా మురిసిపోయినవే ఇప్పుడు చేతిలో బరువైపోయాయి. ఒకడు తీసినదాన్ని మళ్ళీ కట్టకుండా మెట్టు మీద పెట్టేశాడు. ఇంకొకరూ పెట్టారు.

“పోన్లెండి, ఆవిడ మంచికే చేశారు కదా. అందంగా ఉండాలని,” అని సర్దబోయింది ఓనరమ్మ. ఆ మాట చెకింగమ్మకి చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగిలింది. మూడు రోజుల ముందు తను తనకి చెప్పుకున్న మాట అదే.

పిచ్చుక ఏడుస్తుందని అందరూ చూస్తున్నారు. ఏడవలేదు. కేకు ముక్క ప్లేటులో పెట్టేసి అడిగింది.

“మరి పిల్లి ఏం చేసిందని?”

“ఏమీ చెయ్యలేదమ్మా.”

“మరి ఎందుకన్నావు?”

చెకింగమ్మ దగ్గర జవాబు ఉంది. అందరి ముందూ సిగ్గేసింది, అటుగా అది కనపడింది, అంతే. ఆరేళ్ళ పిల్లకి చెప్పడానికి ఆ జవాబు మరీ చిన్నదిగా అనిపించింది. అయినా చెప్పింది. “నన్ను తిడతారని భయమేసి అన్నానమ్మా.”

“నేను పాలు పెట్టబట్టే దొరికిపోయింది,” అంది పిచ్చుక. అంటూ అప్పుడు ఏడ్చింది.

నర్సు కూతుర్ని ఎత్తుకుంది. పైకి వెళ్ళబోతూ రెండో మెట్టు మీద ఆగింది. “పెద్దమ్మా, మీరున్నారన్న ధైర్యంతోనే నేను డ్యూటీలకి వెళ్తున్నాను. ఆ మాట ఎప్పుడూ మర్చిపోను. కానీ కోపం లేదని మాత్రం ఇప్పుడు చెప్పలేను,” అంది.

“చెప్పకమ్మా,” అంది చెకింగమ్మ.

పండగ ఎలాగో జరిగింది. మెట్టు మీద పెట్టినవి కొన్ని మళ్ళీ కొమ్మకెక్కాయి, కొన్ని ఎక్కలేదు. పిల్లలకి పగ ఎక్కువ రోజులు ఉండదు కాబట్టి కవలలు రెండో రోజే గుండీలు కావాలని తలుపు కొట్టారు. వాచ్‌మన్ తన పొరపాటేమీ లేకపోయినా రెండుసార్లు మార్కెట్టు వైపు వెళ్ళి చూసొచ్చాడు. చెకింగమ్మ చాలాసార్లు వెళ్ళింది. చేపలావిడకి ఆమె అలవాటైపోయి, దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపేది, లేదని. ఒంటిచెవి పిల్లి మళ్ళీ ఆ వీధిలో ఎవరికీ కనపడలేదు.

పిచ్చుక కొన్నాళ్ళు వడ్రంగి ఇంట్లో ఉంది. వడ్రంగి భార్య పుట్టింటికెళ్ళాక వేరే దారి లేక నర్సే తీసుకొచ్చి దింపింది. పిల్ల వచ్చింది, కూర్చుంది, అన్నం తింది, జడ వేయించుకుంది. పాపిట గురించి మాత్రం అడగలేదు. బొమ్మ వేసినా, కాగితంతో ఏదన్నా మడిచినా నేరుగా మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళేది. “తాతయ్యా, ఇది నువ్వు దాచు,” అనేది. గొంతు తగ్గించి చెప్పాలని దానికి తెలియదు. వంటింట్లో ఉన్న చెకింగమ్మకి స్పష్టంగా వినపడేది.

“అమ్మమ్మకి ఇవ్వరాదటే?” అన్నాడాయన ఒకసారి.

“వద్దు. నువ్వే దాచు.”

ఆయన వంటింటి వైపు చూశాడు. ఆమె గిన్నె తోముతూనే ఉంది. ఆ పిల్ల అన్నది న్యాయమే అనిపించింది. తన బల్ల మీదకి వచ్చిన చొక్కా అయితే తను మాత్రం ఏం చేసేది? ఒకసారి తప్పు దొరికిన మిషను మీద కుట్టినవన్నీ కొన్నాళ్ళు రెండుసార్లు చూసేది కాదూ.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం ఆయన ఇంట్లో లేడు. పిచ్చుక నేల మీద బోర్లా పడుకుని ఏదో వేసింది. ఇంతలో పైనుంచి నర్సు పిలిచింది. పిల్ల కాగితం పట్టుకుని లేచింది, తాతయ్య కుర్చీ వంక చూసింది, గుమ్మం వంక చూసింది. చివరికి కాగితం బల్ల మీద పెట్టి, “తాతయ్య వచ్చాక ఇవ్వు,” అని చెప్పి మెట్లు ఎక్కి వెళ్ళిపోయింది.

ఫ్యాను గాలికి కాగితం అంచు లేచి పడుతోంది. చెకింగమ్మ గబగబా వచ్చి దాని మీద అరచెయ్యి ఆనించింది. కింద ఏముందో చూడలేదు. ఒక మూల మడత పడి ఉంది. దాన్ని సరిచెయ్యలేదు. ఫ్యాను ఆపడానికి స్విచ్చు గోడకి ఆ చివర ఉంది. చెయ్యి తీస్తే కాగితం ఎగిరిపోతుందేమోనని, ఆయన స్కూటరు చప్పుడు వినిపించేదాకా అక్కడే అలాగే నిలబడింది.